నూనె చేతికి చెరగని లేబుల్

లక్ష్మీ,

పామర్రులో పిన్నికి ఒంట్లో బాగోలేదట, నేను బస్సుకి వెళ్తున్నా. పచ్చడి సీసాల లేబుళ్ల కోసం గవర్నర్‌పేట ప్రెస్సుకి నువ్వే వెళ్లు. కంప్యూటర్ ప్రింటు వద్దను. రంగులు బాగానే ఉన్నాయి కానీ నిన్న తడిచేత్తో పట్టుకుంటే అక్షరాలన్నీ కరిగిపోయాయి. మన రొయ్యల పచ్చడీ మాగాయా సీసాలో ఒక్కలాగే కనిపిస్తాయి. పేరు చెరిగి, నీచు ముట్టనివాళ్ల కంచంలో రొయ్య పడితే ఇంకేమన్నా ఉందా? నాది చాదస్తమంటావు, అననీ.

ప్లాస్టిక్ స్టిక్కరు మీద స్క్రీన్ ప్రింటింగే వేయించు, ఒక్క రంగైనా సరే. ముందు ఒకటి వేయించి, ఆరాక నూనె వేలితో గట్టిగా రుద్ది చూడు. ప్రెస్సాయన నవ్వితే నవ్వనీ. చెరక్కపోతేనే మిగతావి వేయమను.

ఆటోలో చున్నీ చక్రంలో పడకుండా చూసుకో.

అమ్మ

అలమరలో లేబుల్ లేని సీసా నీకే. రొయ్యలదే, నేను రుచి చూశాను.