వేలు పెట్టి చదవండి

అత్తమ్మా,

పప్పు వండి మూత పెట్టాను. మీ కొడుకు మూడింటికి బొగ్గుబాయి నుంచి వస్తారు, స్నానానికి నీళ్లు కాచండి. నల్లా నాలుగింటికి వస్తుంది.

ఇవాళ ఇన్‌స్పెక్టర్ గారు మా రెండో తరగతి చదువు చూడటానికి వస్తున్నారు. అందుకే మీరు చర్చిలో శుక్రవారం ప్రార్థన నుంచి వచ్చేదాకా ఆగలేదు.

పోయిన ఏడాది మన అరుగు మీద ఈ పిల్లలే పాఠం గడగడ చదువుతుంటే నేను మురిసిపోయాను. మీరు చేతిలోని చాట పక్కన పెట్టి, “వీళ్లు చదువుతలేరు బిడ్డా, అప్పజెప్తుండ్రు. నేను చర్చిల పుస్తకం పట్టుకొని పాడుతా చూడు, గట్లనే” అన్నారు. పక్కింటివాళ్ల ముందే అన్నారు. ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

మర్నాడు పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగితే, ముప్పై మందిలో నలుగురే చెప్పారు. అప్పటి నుంచి వేలు పెట్టించే చదివిస్తున్నాను. మీరూ వచ్చి వాళ్ల పక్కన పుస్తకం మీద వేలు పెట్టి కూర్చున్నారు. ఇవాళ ఆయన ఏ పేజీ తీసినా నాకు భయం లేదు. అది మీ వల్లనే.

రెండో తరగతి అయ్యేసరికి పిల్లలకు ఏమేం రావాలో మాకొక పట్టీ ఇచ్చారు. విన్న కథ సొంత మాటల్లో చెప్పాలి. కొత్త పాఠం తడుముకోకుండా చదవాలి. ఇంటివాళ్లు రాసిన చిన్న ఉత్తరం ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలి.

ఇన్నేళ్లూ మీకు చెప్పాల్సినవి మీ కొడుకు పేరున రాసి, చదివి వినిపించమనేదాన్ని. ఇది మీ పేరునే రాశాను.

ఎలీసబెతు

బియ్యం డబ్బా వెనక మీకోసం రెండు తీపి గరిజెలు దాచాను. ఈ ముక్క మాత్రం మీ కొడుకుకు చదివి వినిపించకండి.