నాగలి తప్పించిన చోటు

మీరు పోయి నేటికి ఏడాది. మీరు చదవరని తెలిసినా, ఈ సంగతి మీకే రాయాలి.

బోధన్ దగ్గరి మన చెరకు చేనులో మనవరాలు లత ఇల్లు కట్టుకుంటోంది. పునాదికి ముందు నిన్న నేల పరీక్ష చేశారు. బరువైన సుత్తిని పైనుంచి వదులుతూ ఇనుప రాడ్‌ను భూమిలోకి దింపుతారు. అడుగు దిగడానికి ఎక్కువ దెబ్బలు పడితే నేల గట్టిదన్నమాట.

మామయ్య పూడ్పించిన బావి తూర్పున ఉందని పాత నక్షా చూపి నేను, కాదు పడమరన అని మీరు, ఎన్నేళ్లు వాదించుకున్నాం! దున్నేటప్పుడు మీరు పడమటి చోట నాగలిని పక్కకు తిప్పుతుంటే, భూమి వృథా చేస్తున్నారని కోప్పడేదాన్ని. ఇల్లు పడమరనే కట్టమని లతకు చెప్పింది కూడా నేనే.

అక్కడ రెండు దెబ్బలకే రాడ్ అడుగు దిగింది. ఇంకా లోతుకు దింపితే, బావి పూడ్చడానికి పోసిన చక్కెర మిల్లు బూడిద రాడ్ కొసనున్న గొట్టంలో పైకొచ్చింది.

“ఈడ కడితే గోడలు పగులుతయి,” అన్నాడు ఇంజనీరు.

“ఏందవ్వా, నన్ను బావిల కాపురం పెట్టమన్నవా?” అని లత నవ్వింది. “తాత చెప్పలేదా నీకు?”

“చెప్పిన్రు. నేనే ఇనలే,” అన్నాను.

తూర్పున ఇరవై ఎనిమిది దెబ్బలు పడ్డాయి, నేనూ లెక్కపెట్టాను. ఇల్లు అక్కడే కడతారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ పడమటి చోటు తొక్కకుండా, మీలాగే చుట్టి నడిచాను.