గోలీకి తెలుగు వచ్చు

శనివారం రాత్రి, కిచెనర్

ఈరోజు మా కీర్తనకి క్లబ్ లాక్రోస్ టీమ్ ట్రైఅవుట్స్. వల కట్టిన కర్రతో బంతి పట్టి విసిరే ఈ ఆట కోసం చలికాలమంతా మా గరాజ్ గోడని బంతితో బాదుతూనే ఉంది.

తల్లిదండ్రులెవరూ బయటినుంచి పిల్లలకి సలహాలివ్వకూడదని కోచ్ ముందే గట్టిగా చెప్పింది. తెలుగులో అయితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కీర్తన గోల్ కాసే గోలీ ముందుకి రాగానే ఆగలేక అరిచాను.

"ఎడమ పక్కకి వెయ్యవే! ఆ గోలీ పిల్ల నిద్రపోతోంది!"

కీర్తన ఎడమ పక్కకే వేసింది. గోలీ కూడా అటే దూకి బంతి ఆపేసింది. హెల్మెట్ లోంచి నా వైపు చూసి, "థాంక్స్ ఆంటీ!" అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నయం, కీర్తన నాలా బిక్కచచ్చిపోలేదు. వెనక్కొచ్చిన బంతిని అందుకుని కుడి పక్కన గోల్ కొట్టేసింది.

చివర్లో కోచ్ పేర్లు చదివింది. కీర్తన, ఆ గోలీ పిల్ల ఇద్దరూ సెలెక్టయ్యారు. కీర్తన నన్ను వాటేసుకుని, "నెక్స్ట్ టైమ్ యూ స్టే ఇన్ ద కార్, అమ్మా" అంది.

అంతలో నా పక్క కుర్చీలోనే ఇంతసేపూ కూర్చున్న ఆవిడ లేచింది.

"గోలీ మా అమ్మాయేనండీ. మేమూ కిచెనర్‌లోనే ఉంటాం. ప్రాక్టీస్‌కి అందరం ఒకే కార్లో వెళ్దామా?"

సరేనన్నాను. ఇంకేమంటాను?

ఆట మొదలైనప్పటినుంచీ ఆవిడ పక్కనే కూర్చుని, ఫోన్లో మా ఆయనకి ఒక్కో పిల్ల గురించీ, వాళ్ల అమ్మల గురించీ తెలుగులోనే తీరిగ్గా చెబుతూనే ఉన్నాను. ఏమేమన్నానో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది...