గోడకు ఆనించిన అరచెయ్యి

జబ్బు నా కాళ్లకే గానీ బుద్ధికి కాదని డాక్టరుగారు చూసి చెప్పిన మీదట, కుట్టుపనితో బతికిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇల్లు నా స్వార్జితం. ఇందులో మా ఆయనది దమ్మిడీ లేదు.

1. నా భర్తకు ఆయన హార్మోనియం, స్టీలు కంచం, చెంచా దఖలు పరుస్తున్నాను. కాపురం కొత్తలో ఆయన నలుగురి ముందు పాడితే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది. ఆ రోజు నుంచి నాతో మాట మానేశారు. మంచినీళ్లకు కంచం మీద ఒక దెబ్బ, అన్నానికి రెండు. ఇక మీదట హాయిగా పాడుకోవచ్చు, నవ్వేవాళ్లుండరు. కంచమూ కొట్టుకోవచ్చు, వచ్చేవాళ్లూ ఉండరు.

2. కుట్టుమిషను కోడలికి. నా కొడుక్కి తండ్రి దగ్గర ఒంటబట్టిన విద్య చెంచా ఒక్కటే. అమ్మా, వాడు కంచం కొట్టినప్పుడల్లా నువ్వు మిషను తొక్కు. ఆ మోతలో చెంచా వినబడి చావదు. కొడుక్కి ఏమీ లేదు. మరిచిపోయి కాదు, తెలిసే రాస్తున్నాను.

3. నా ఇంట్లోనే గోడవతలి వాటాలో అద్దెకుండే టైపిస్టుకు ఇల్లంతా, సర్వహక్కులతో. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే నా ఇత్తడి తొడుగు కూడా ఆవిడకే. ఒకసారి నేను ఏడుస్తుంటే ఆవిడ అవతల నుంచి గోడ మీద మెల్లగా తట్టింది. నేను తొడుగుతో తట్టాను. అప్పట్నుంచి రోజూ అదే మా పలకరింపు. గోడకు అరచెయ్యి ఆనిస్తే ఆ చప్పుడు చేతిలోకి వచ్చేది. ఇన్నేళ్లలో నన్ను ఎవరైనా ప్రేమగా తాకారంటే అదే. నేను మంచం పట్టగానే మా ఆయన ఆ గోడకు ఇనప బీరువా జరిపించారు. దానికి మాత్రం ఆయన్ని క్షమించను. బీరువా తుక్కుకు అమ్మెయ్యాలి.

4. నా భర్త ఈ ఇంట్లో ఉండదలిస్తే ప్రతి నెలా ఒకటో తేదీన టైపిస్టు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఈ నెల ఉండనిస్తారా?" అని నోరు తెరిచి అడగాలి. తలుపు తడితే చెల్లదు. ఇది అమలు జరిపే బాధ్యత డాక్టరుగారిది.

5. నేను సంతకం పెట్టేలోపు ఆయన పక్కగదిలోంచి "ఏమే" అని ఒక్క కేక వేసినా చాలు, ఇదంతా చింపేసి ఇల్లు ఆయనకే రాస్తాను. ఈ మాట డాక్టరుగారు వెళ్లి ఆయన చెవిన వేసి వచ్చారు. సాక్షులిద్దరూ నా మంచం పక్కనే కూర్చున్నారు. నాకు ఇప్పటికీ ఆశే, సిగ్గు లేకుండా.

నేను లేవలేనని తెలిసీ, ఇప్పుడే కంచం మీద ఒక దెబ్బ పడింది.

సంతకం పెడుతున్నాను.

మార్చి తొమ్మిది, మధ్యాహ్నం
(సంతకం) మిషనావిడ

సాక్షులు:
డాక్టరు
కింది ఇస్త్రీ కొట్టతను