వాట్‌ఫర్డ్ మీద గుండుసూది

లీడ్స్,
16 నవంబరు 2003, ఆదివారం.

రత్నబాబు అన్నయ్యకు, నీలిమ వదినకు, చెల్లెలు జెమీమా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. నేను క్షేమం. మీరూ, నా మేనల్లుడు ఫ్రెడీ బాగున్నారని తలుస్తాను. నా చేతిరాత చూసి ఉలిక్కిపడకు. ఫోను చేస్తే రెండు నిమిషాల్లో వదిన చేతికిచ్చి తప్పించుకుంటావు, అందుకని కాగితం పట్టుకున్నాను. దీన్ని వదినకిచ్చినా ఆవిడ మళ్ళీ నీ చేతికే ఇస్తుంది, చూసుకో.

ముందు నీకు థాంక్స్ చెప్పాలి. సెప్టెంబరులో నువ్వు పంపిన కవరు అందింది. ఒక్క ముక్కయినా రాయకుండా, గూడూరు మిషను రిజిస్టరులోని పేజీ జిరాక్సు మడిచి పెట్టావు. నా నోరు మూయించడానికే పంపావని తెలుసు. అయినా ఆ కాగితం నాకెంత మేలు చేసిందో నీకు తెలియదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా నర్సింగ్ హోములో హైన్రిష్ అంకుల్ అని ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఇంటిపేరూ మన ఇంటిపేరూ ఒకటే, ఇమ్మెన్‌టూన్. ఈ సంగతి వేసవిలోనే వదినకి చెప్పాను. ఆవిడ నీతో అనబోతే టీవీ సౌండు పెంచావట. అన్నయ్యా, ఆయన మొన్న గురువారం పొద్దున పోయారు. ఎనభైకి ఒక ఏడాది తక్కువ. నీతో ఒక పని పడింది. అదేమిటో ముందే చెప్తే మిగతాది చదవకుండానే కుదరదంటావు, కాబట్టి వరసగా రానీ.

ఆయన యుద్ధంలో పట్టుబడి ఖైదీగా ఈ దేశం వచ్చారు. యుద్ధం అయ్యాక ఇంటికి పంపిస్తామన్నా పోకుండా, యార్క్‌షైర్ అమ్మాయిని పెళ్ళాడి, ముప్ఫై ఏళ్ళు లీడ్స్‌లో బస్సు నడిపారు. పిల్లల్లేరు. భార్య పోయాక తుంటి విరిగి, మార్చిలో మా దగ్గరికి వచ్చారు. వచ్చేటప్పుడు రెండు జతల బట్టలు, ఒక పెట్టె, జర్మనీ, ఈ దేశం రెండూ ఉన్న మడత పెట్టిన పెద్ద పటం తెచ్చుకున్నారు. బట్టలు బీరువాలో సర్దకముందే పటం గోడకి పెట్టించుకున్నారు.

దాని నిండా ఎర్ర తల గుండుసూదులు. ఆ ఇంటిపేరు గల కుటుంబం ఎక్కడుంటే అక్కడొక సూది. జర్మనీ ఫోను డైరెక్టరీ మొత్తం సీడీలో దొరుకుతుందట, లైబ్రరీలో కూర్చుని తీశారట. అంత పెద్ద దేశంలో అరవై మూడు ఇళ్ళు. అందులో యాభై దాకా ఉత్తరాన ఒక పొదల మైదానంలో, రెండు ఊళ్ళ చుట్టూనే గుమిగూడాయి. మిగతావి పనికోసం పట్నాలకి పోయినవాళ్ళవి. ఆ పేరుకి అర్థం తేనెటీగల దొడ్డి అట. అక్కడివాళ్ళు గడ్డితో అల్లిన బుట్టల్లో తేనెటీగల్ని పెంచుతారు. గాలి తగలకుండా ఆ బుట్టల చుట్టూ కట్టే గోడ పేరే ఆ పొలం పేరయింది, ఆ పొలం పేరే మనుషుల పేరయింది.

మొదటిరోజు మాత్రలు ఇవ్వడానికి వెళ్తే నా బ్యాడ్జీ చూసి, జెమీమా సరే, పక్కన ఆ 'ఐ' ఏమిటన్నారు. మా వైపు ఇంటిపేరుని పొడి అక్షరంగా రాసుకుంటామని చెప్పి, పూర్తి పేరు చెప్పాను. ఆయన చేతిలో గ్లాసు ఒలికింది. మళ్ళీ చెప్పమన్నారు. కాగితం మీద రాయమన్నారు. మన నాన్న పేరు ఫోను పుస్తకంలో ఎలా ఉండేదని అడిగారు. రాజరత్నం ఐ. అని చెప్పాను. ఆయన పెట్టె తీసి లోపలినుంచి నెల్లూరు జిల్లా టెలిఫోన్ డైరెక్టరీ పైకి తీశారు. ఎక్కడ సంపాదించారో! ఈ ముసలాయనకి పిచ్చి బాగా ముదిరిందని లోపల నవ్వుకున్నాను. వేలితో వెతికి మన నాన్నని పట్టుకుని, ఇన్నేళ్ళూ ఒక్క అక్షరం వెనక దాక్కున్నారా అన్నారు.

అక్కడ నేనొక పొరపాటు చేశాను. మన కథ చెప్పమంటే నాన్న చెప్పే కథ చెప్పాను. మన ముత్తాత యోహాను ఒక జర్మనీ దొర కొడుకని, మనలో దొర రక్తం ఉందని. నీకా కథంటే ఒళ్ళు మంట. నెల్లూరు హాస్టల్లో పిలకాయలు దొరబిడ్డా అని వెంటపడితే నువ్వు రెండు రోజులు అన్నం తినలేదని అమ్మ చెప్పేది. పాస్‌పోర్టుకి ఆ పేరు తీసేసి నాన్న పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నావు. నాన్న జ్ఞాపకార్థ కూడికలో అందరి ముందూ, మన ముత్తాత కరువులో దొరికిన అనాథ, ఇది ఎవరో డబ్బున్నవాళ్ళు అన్నం పెట్టి మెడకి కట్టిన బిళ్ళ అన్నావు. నేను నిన్ను నా గుమ్మం తొక్కవద్దన్నాను. మూడేళ్ళయింది.

హైన్రిష్ అంకుల్ నా కథ విని ఊఁ అన్నారంతే. ఆ సాయంత్రమే లీడ్స్ మీద రెండో సూది గుచ్చారు. మొదటిది ఆయనదే. అప్పటినుంచి నేను ఆయనకి ఇంటిపిల్లనయిపోయాను. నా షిఫ్టులు రాసే రోటా నాకన్నా ముందు ఆయనకే తెలిసేది. చలికోటు బొత్తాం ఊడితే నన్ను కూర్చోబెట్టి ఆయనే కుట్టారు. నాకు జ్వరం వస్తే డాక్టరుకి ఫోను చేయమని మా మేనేజరు ప్రాణం తీశారట. ఈ ఊళ్ళో నేను తిన్నానా లేదా అని అడిగిన మనిషి ఆయనొక్కరే.

అందుకే నీ జిరాక్సుని ఒకటికి నాలుగుసార్లు చదివాను. యోహాను, అనాథ, సుమారు ఆరేళ్ళు, కరువులో గూడూరు స్టేషను దగ్గర దొరికాడు. తల్లి పేరు, తండ్రి పేరు గడులు ఖాళీ. పోషకులు అన్నచోట ఇమ్మెన్‌టూన్ అని, పక్కన జర్మనీలోని ఏదో ఊరి పేరు. నువ్వు చెప్పిందే నిజం. దొర లేడు, దొర రక్తం లేదు. నాకు నాన్న మీద కోపం రాలేదు, ముసలాయన మొహం ఎలా చూడాలన్న భయమే వచ్చింది. చుట్టం దొరికిందని సంబరపడుతున్న మనిషికి కాదని ఎలా చెప్పను? రెండు వారాలు ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో మోశాను. రోటా మార్పించుకుని ఆయన గది వైపు పోకుండా తిరిగాను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆయనే కబురు పెట్టారు. ఇక ఆగలేక కాగితం తీసి చేతిలో పెట్టి, నేను మీ మనిషిని కాదు అంకుల్, ఆ సూది పీకేయండి అని ఏడ్చాను. తెలుగులో చదవమన్నారు. చదివాను. ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పాను. పోషకులు అన్న గడి ఎక్కడో చూపించమని, దాని మీద వేలు పెట్టారు.

వేలు తీయకుండానే వాళ్ళ తాత సంగతి చెప్పారు. ఆ తాత పుట్టుకతో ఇమ్మెన్‌టూన్ కాదట. మేయర్ అట, అక్కడ వీధికి పదిమంది ఉండే పేరు. ఆ ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల ఉంటే ఇల్లరికం వచ్చాడు. అక్కడి పాత పద్ధతిలో పేరు మనిషిది కాదు, పొలానిది. అల్లుడు తన పేరు గుమ్మం బయట విడిచి, ఆ ఇంటి పేరు తీసుకుంటాడు. ముందు తరాల్లోనూ అలా రెండు సార్లు జరిగిందట. రక్తం చూసి సూదులు పీకాలంటే ముందు నాది పీకాలి, తర్వాత ఈ పటంలో సగం పీకాలి అన్నారు. ఆ ఇంటి అన్నం తిన్నవాడిది ఆ ఇంటి పేరు, మీ ముత్తాత తిన్నాడు, మా తాతా తిన్నాడు, అంతే అన్నారు. మా భాషలోనూ దాన్ని ఇంటి పేరే అంటామని చెప్పి ఆ మాట నేర్పించాను. రెండుసార్లు పలికి, మీవాళ్ళు తెలివైనవాళ్ళు అన్నారు.

అన్నయ్యా, నాకు ఆ క్షణంలో నువ్వే గుర్తొచ్చావు. అది బిళ్ళ కాదురా అని నీకు చెప్పాలనిపించింది. ('రా' అన్నందుకు ఏమీ అనుకోకు, ఆయన పోయినప్పటినుంచి నాకు పెద్దా చిన్నా తెలియడం లేదు.)

నీ గురించి అప్పుడే ఆయనకి చెప్పాను. పేరు వదిలేశాడని కూడా చెప్పాను. దాచలేదు. ఆయన డబ్బాలోనుంచి ఇంకో సూది తీసి, నువ్వుండే వాట్‌ఫర్డ్ ఎక్కడో చూపించమన్నారు. అతను ఆ పేరుతో లేడు కదా అంకుల్ అన్నాను. ఇంటినుంచి అలిగి వెళ్ళినవాడు ఇంట్లోవాడు కాకుండా పోతాడా అని, ఆయనే గుచ్చారు. సూది కొంచెం పక్కకి పోయి లూటన్ మీద పడింది. నేను సరిచేశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒకటే మాట, మీ అన్నని తీసుకురా, ఇద్దరికీ కలిపి ఒకటి ఇవ్వాలి అని. తేనె సీసా అయి ఉంటుందిలే అనుకున్నాను. వదినకి మూడుసార్లు ఫోను చేశాను. ఒకసారి ఆఫీసు, ఒకసారి కారు సర్వీసింగు, ఒకసారి నీకు నడుం నొప్పి. నిన్ను తప్పుపట్టను. నేనే కదా గుమ్మం తొక్కవద్దన్నది.

గురువారం పొద్దున డ్యూటీలో నేనే ఉన్నాను. టీ ఇస్తే రెండు గుటకలు తాగారు. వాట్‌ఫర్డ్ నుంచి రైలెంతసేపు అని అడిగారు. చెప్పేలోపలే తల పక్కకి వాలింది. బాధపడలేదు. నా చేతిలోనే పోయారు. ఇందుకు దేవుడికి ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే.

ఇప్పుడు నీ పని చెప్తాను. సమాధి ఈ నెల 26, బుధవారం, పదకొండు గంటలకి. జర్మనీలో అన్న కొడుకు ఒకాయన ఉన్నాడు గానీ మంచంలో ఉన్నాడట. శవపెట్టె మోయడానికి ఐదుగురు కుదిరారు, ముగ్గురు పాత బస్సు డ్రైవర్లు, ఇద్దరు మా హోమువాళ్ళు. ముందు కుడిపక్క ఇంటివాళ్ళు పట్టాలని అడిగారు. ఇంటివాళ్ళు వస్తారని చెప్పేశాను. ఈ దేశంలో ఆ పేరుకి మిగిలింది నువ్వూ నేనే. నా భుజం ఆ ఎత్తుకి సరిపోదు. నడుం నొప్పి ఉంటే చెప్పు, అమృతాంజనం రాస్తాను. ఎం వన్ రోడ్డు ఎక్కితే మూడు గంటలు. ఫ్రెడీని కూడా తీసుకురా.

రాలేకపోయినా నీ మీద నాకేమీ కోపం లేదు. నువ్వు పంపిన ఆ ఒక్క కాగితం లేకపోతే ఆయనకి అబద్ధం చెప్పిన మనిషిగా మిగిలేదాన్ని. నిజం చెప్పే అవకాశం ఇచ్చావు. అందుకు బతికున్నంతకాలం నీకు థాంక్స్ చెప్తూనే ఉంటాను.

నా గుమ్మంలో నీ రాకకోసం చూస్తూ,
నీ చెల్లెలు,
ఐ. జెమీమా

తా. క. సోమవారం మధ్యాహ్నం. కవరు అంటించి, మళ్ళీ చించాను.

మా మేనేజరు గది ఖాళీ చేస్తూ ఆయన పెట్టె అడుగున ఉన్న కవరు తెచ్చిచ్చింది. జెమీమాకీ ఆమె అన్నకీ, ఇద్దరూ వచ్చినప్పుడు అని పైన రాసి ఉంది. నువ్వు రాలేదు కాబట్టి నేనే తెరిచాను. లోపల తేనె సీసా లేదు. ఒక పాత ఫొటో, ఒక చీటీ.

ఫొటోలో ఆరేడేళ్ళ పిల్లవాడు, చేతిలో పలక, వెనక మన గూడూరు మిషను బడి వరండా. 1901 అని ఉంది, యోహాను అని ఉంది. వీడికి అన్నం పెట్టించింది హైన్రిష్ అంకుల్ నాయనమ్మే అన్నయ్యా, ఆ ఇంటి ఒక్కగానొక్క ఆడపిల్ల. డబ్బున్నవాళ్ళు కారు. దొడ్డిలో మూడో తేనెబుట్ట యోహానుదని అనుకుని, దాంట్లో తేనె ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వకుండా అమ్మి, ఆ డబ్బు మిషనుకి పంపేదట. అమ్మ వండేముందు చర్చికని గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసేది చూడు, అలాగే. 1914లో యుద్ధం వచ్చి ఉత్తరాలు ఆగిపోయాయి. చనిపోయేదాకా ఆవిడ, నా పిల్లవాడు తిన్నాడో లేదో అనేదట. పన్నెండేళ్ళ మనవడు, నేను వెతుకుతాను నాయనమ్మా అని మాటిచ్చాడట.

ఆయన పటం పెట్టింది తన చుట్టాలకోసం కాదు. ఆ అరవై మూడు సూదులూ దారిలో దొరికినవి. వెతికింది మనల్ని. నా బ్యాడ్జీ చదివిన రోజే అంతా తెలుసు. ముందే చెప్తే మనం తల వంచుకుంటామేమోనని, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు చెప్దామని ఆగారు. చీటీలో చివరి మాట, మీ ముత్తాత తిన్నాడని నాయనమ్మకి నేను వెళ్ళి చెప్తాను అని.

ఫొటోలో పిల్లవాడి చెవులు అచ్చం నీవే. పంపడం లేదు. వచ్చి చూసుకో.