అమ్మ వేలు, గీతాంజలి కార్డు

నంద్యాల,
బుధవారం.

అమ్మకు వందనాలు చెప్పి లూదియా రాసేది. దేవుని దయవల్ల నేను బాగున్నాను. ఆళ్లగడ్డలో నువ్వూ నాయనా కులాసాగా ఉన్నారనుకుంటాను. సంఘంలో నువ్వు చదవడం, రాయడం నేర్చుకున్నాక ఫోనులో కాదు, ఉత్తరమే రాయమన్నావు కదా, అందుకే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

సన్నబడ్డావా అని అడిగావు. లేదు. హాస్టల్లో సంగటి దొరకదు, అంతే. గీతాంజలి సంగతి కూడా అడిగావు. మా ఆఫీసులో కొత్తగా చేరింది, ఆమెది పాణ్యం. పెళ్లి కాలేదు. మీ ఆసుపత్రిలో కార్డు పని చూడడానికి వచ్చినప్పుడు ఆమెకు నా కంచంలోనే అన్నం పెట్టావట. ఇక్కడ అందరికీ చెప్పుకుంది.

ఆ కార్డు ఏమిటన్నావు. నువ్వు ఊడ్చే గదిలో రోగుల చీటీలు ఇచ్చే సర్వర్ ఉంది కదా, దాని లోపల ఉంటుంది. సర్వర్ బిగుసుకుపోయినా అది మేలుకునే ఉంటుంది. దానికి వేరే నీలం వైరు. ఆ వైరు గుండా గీతాంజలి నంద్యాల పెద్దాసుపత్రిలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే మీ సర్వర్‌ను చూస్తుంది, ఆపుతుంది, మళ్లీ లేపుతుంది. ఇదివరకు అది ఆగితే నేను నీకు ఫోన్ చేసేదాన్ని. "అమ్మా, బటన్ అదిమి పట్టుకో" అంటే, "పట్టుకున్యా లే, అరవాకు" అనేదానివి. ఇప్పుడు ఆ పని లేదు. ఆఫీసంతా గీతాంజలి పేరే.

పోయిన వారం మీ సర్వర్ ఆగింది. కార్డు కూడా పలకలేదు. రోగులు చీటీల కోసం బారులు తీరారు. చివరికి మా మేనేజరు చెన్నకేశవులు సారు నీకే ఫోన్ చేసి బటన్ నొక్కించాడు. తర్వాత అందరి ముందూ అన్నాడు: "ఏందమ్మా గీతాంజలీ, ఇంత దుడ్లు పెట్టిస్తివి. నీ కార్డు కంటే ఎలిజబెత్తమ్మ వేలే మేలు గదా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కార్డు ఎందుకు పలకలేదో తేల్చకపోతే ఆమెను నెలాఖరుకు పంపేస్తామన్నారు.

మరునాడే నీ ఉత్తరం వచ్చింది. 'ఉరుములకు మిషన్ కాలిపోతాదని నీలం వైరు పీకేసినా. ఇంకా మబ్బు పోలేదు, అట్నే ఉంచినా' అని రాశావు. మనింట్లో మబ్బు పడితే టీవీ వైర్లు పీకినట్టే పీకావు. నీ తప్పేం లేదు.

అమ్మా, అది చదివి నేను ఎవరికీ చెప్పలేదు. నీ పని పోతుందని భయపడ్డానని నువ్వు అనుకుంటావు. అది కాదు. పలకని కార్డు ముందు కూర్చుని ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నాకు బాగుండింది.

ఈ పొద్దున ఆమె తన సామాను సర్దుకుంటుంటే ఉండబట్టలేక చెప్పేశాను. "తెలిసీ ఊరుకున్యావా?" అంది. మళ్లీ నాతో మాట్లాడలేదు. సారుకు కూడా నేనే చెప్పాను. ఆయన నిన్నేమీ అనలేదు, నన్ను చాలా అన్నాడు. ఆమెను ఉంచుకుంటామన్నాడు. ఇకమీదట ఎంత ఉరిమినా ఆ వైరు ముట్టుకోకు.

మధ్యాహ్నం ఆమె నీకు ఫోన్ చేసి వైరు పెట్టించింది కదా, నేను పక్కనే ఉన్నాను. కార్డు పలికింది. నువ్వేమడిగావో నాకు వినపడలేదు. "తిన్యానమ్మా" అంది ఆమె. నా సంగతి మాత్రం నీకు చెప్పలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

ఆదివారం వస్తాను. తిట్టాలంటే తిట్టు. ఆమె మళ్లీ ఫోన్ చేస్తే మంచిగా మాట్లాడు. తిన్నావా అని మాత్రం నన్నే అడుగు.

ఇట్లు,
నీ కూతురు
లూదియా