దారిలో ఆగిన బస్సు

అక్కా, ఇక్కడ అందరం కులాసా; పేపరు చూసి హడలిపోకు. చమురు రావడం తగ్గి డీజిలు కొలిచి పోస్తున్న మాట నిజమే. నిన్న నేను నడిపే బస్సు డిపోకి ఒక్క వీధి దూరంలో డీజిలు అయిపోయి ఆగిపోయింది. తిడతారనుకున్న జనమే దిగి తోశారు. "డ్రైవరు బాబూ, నువ్వు దిగకు, స్టీరింగు చూసుకో!" అని వెనకనుంచి ఒక ముసలమ్మ కేకేసింది. చిన్నప్పుడు పొద్దున్నే మొండికేసే నాన్న వ్యానుని మనిద్దరం తోయడం, అది కదలగానే అమ్మ వాకిట్లో చప్పట్లు కొట్టడం గుర్తొచ్చి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

మీకు గ్యాసు వస్తోందా? కట్టెల పొగలో కూర్చోకు, నీకసలే ఆయాసం. దూరం బస్సులు రద్దు చేశారు. అయినా మేనకోడలి పురిటికి సైకిలు మీదైనా వస్తాను, దాన్ని దిగులు పడొద్దను. బావగారికి నమస్కారాలు, దానికి నా దీవెనలు. నేనొచ్చేదాకా బిడ్డకు పేరు పెట్టకండి.

నీ తమ్ముడు